పిల్లల నడుము కొలత గుండె గురించి ఏం చెబుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బాబుకు 10 ఏళ్లు. ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. ఈ మధ్య దగ్గు తగ్గకపోతే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ టేపుతో వాడి నడుము కూడా కొలిచి, 74 సెంటీమీటర్లు ఉందని చెప్పారు. "ఇలాగే పెరిగితే ముందుముందు గుండెకు మంచిది కాదు, కొన్ని పరీక్షలు చేయిద్దాం" అన్నారు. మా పాపకు 13 ఏళ్లు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు. దాని నడుము కూడా కొలిస్తే 72 వచ్చింది. పాప విషయంలో ప్రస్తుతానికి అంత కంగారు లేదన్నారు. ఇద్దరూ బరువు ఎక్కువే అన్నప్పుడు, వాడి గురించే ఎందుకు అలా చెప్పారో నాకు అర్థం కాలేదు. ఇంట్లో పెద్దవాళ్లేమో ఎదిగే వయసులో అదే కరిగిపోతుందిలే అంటున్నారు. మావారు గుండెకు స్కానింగ్ చేయించేద్దాం అంటున్నారు. నేను టెన్షన్‌తో రోజూ వాడి నడుము కొలుస్తున్నాను. మొన్న రాత్రి వాడు "అమ్మా, నాకు గుండెపోటు వస్తుందా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: ముందు మీ బాబు అడిగినదానికే జవాబు చెబుతాను. ఈ వయసులో పొట్ట ఉన్నంత మాత్రాన గుండెపోటు రాదు. ఆ మాట ఈ రోజే, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. "నీ గుండె బాగా పనిచేస్తోంది నాన్నా. అది పెద్దయ్యాక కూడా ఇలాగే పనిచేయాలని డాక్టర్ గారు ముందే చూస్తున్నారు. మనమందరం కలిసి కొన్ని అలవాట్లు మార్చుకుందాం" అంటే చాలు. పదేళ్ల పిల్లాడు తన ఒంట్లో ఏదో ఆగిపోబోతోందని రాత్రిళ్లు భయపడుతుంటే, ఆ భయం కూడా వాడి ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుంది. భయంతో పిల్లలు దాచుకుని తింటారు, ఆటలకు దూరంగా ఉంటారు, ఆటల బట్టలు వేసుకోవాలంటే సిగ్గుపడతారు. కాబట్టి రోజూ టేపు తీయడం వెంటనే మానేయండి. ఎప్పుడు, ఎలా కొలవాలో కింద చెబుతాను.

ఇక మీ డాక్టర్ గారి విషయం. దగ్గుకని వెళ్లిన పిల్లాడి నడుము కొలిచారంటే ఆవిడ శ్రద్ధ గల డాక్టర్. చాలాచోట్ల పిల్లలను త్రాసు ఎక్కించి వదిలేస్తారు. బరువును ఎత్తుతో పోల్చి చూసే బీఎంఐ ఉపయోగకరమైన లెక్కే, కానీ ఒంట్లో కొవ్వు ఎక్కడ చేరిందో అది చెప్పలేదు. మీ ఇద్దరు పిల్లలే దీనికి చక్కటి ఉదాహరణ. బాబు బీఎంఐ 20.8. పాపది 23. పిల్లలకు పెద్దవాళ్ల బీఎంఐ హద్దులు పనికిరావు. వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి ఎదుగుదల చార్టులో చూడాలి. అలా చూస్తే ఇద్దరూ "అధిక బరువు" గీత దాటారు, ఊబకాయం గీత దాకా వెళ్లలేదు. అంటే బీఎంఐ దృష్టిలో ఇద్దరూ ఒకే గుంపు.

ఇప్పుడు నడుమును ఎత్తుతో భాగించండి. బాబుది 74ని 142తో భాగిస్తే 0.52. పాపది 72ని 156తో భాగిస్తే 0.46. మీ డాక్టర్ గారు చూసింది ఈ తేడానే. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలన్నది గుర్తుపెట్టుకోవడానికి తేలికైన సూత్రం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే 'నైస్' సంస్థ 2022లో ఈ కొలతను పిల్లలకు కూడా సూచించింది. ఐదేళ్లు నిండిన పిల్లల్లో ఈ నిష్పత్తి 0.4 నుంచి 0.49 దాకా ఉంటే పొట్ట దగ్గర కొవ్వు ఆరోగ్యకరమైన స్థాయిలో ఉన్నట్టు, 0.5 నుంచి 0.59 దాకా ఉంటే ముప్పు పెరిగినట్టు, 0.6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ముప్పు బాగా ఎక్కువైనట్టు లెక్క. దీనికి చార్టులు అక్కర్లేదు, వయసును బట్టి మారదు, అబ్బాయికీ అమ్మాయికీ ఒకటే. ఐదేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఈ లెక్క వాడకూడదు. చిన్నపిల్లల పొట్ట సహజంగానే ముందుకు ఉంటుంది, ఎత్తూ తక్కువ.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. 0.5 అనేది గోడ కాదు. మీ బాబుకు సగం ఎత్తు అంటే 71 సెంటీమీటర్లు. వాడిది 74. అంటే తేడా 3 సెంటీమీటర్లు. టేపు కాస్త పైన పెట్టినా, కింద పెట్టినా, కడుపు నిండా తిన్నాక కొలిచినా ఒకటి రెండు సెంటీమీటర్లు మారిపోతుంది. 0.49 వచ్చిన పిల్లవాడు పూర్తిగా సురక్షితమనీ, 0.51 వచ్చినవాడు జబ్బుమనిషనీ ఎవరూ అనరు. పెద్ద గుంపులను తీసుకుని చూసినప్పుడు బీఎంఐ, నడుము నిష్పత్తి రెండూ దాదాపు ఒకేలా ముప్పును పసిగడతాయి. ఒకే పిల్లవాడి విషయానికి వచ్చినప్పుడు రెండూ కలిపి చూస్తేనే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ కొలత చేసే పని ఒక్కటే: బరువు ఎక్కువున్న పిల్లల్లో ఎవరిని ఇంకాస్త దగ్గరగా పరీక్షించాలో చెబుతుంది. బాబు గుండె పాడైందని అది చెప్పడం లేదు, చెప్పజాలదు కూడా.

మరి పొట్ట దగ్గర కొవ్వే ఎందుకంత ముఖ్యం? తొడల్లో, పిరుదుల దగ్గర చర్మం కింద చేరే కొవ్వు చాలావరకు నిల్వ సరుకులా పడి ఉంటుంది. పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరే కొవ్వు అలా ఊరుకోదు. అది తరచూ కరుగుతూ కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంటుంది. పేగుల దగ్గరి రక్తమంతా ముందు కాలేయానికే వెళ్తుంది కాబట్టి ఆ భారం నేరుగా కాలేయం మీద పడుతుంది. కాలేయం ఆ కొవ్వును ట్రైగ్లిజరైడ్లుగా, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వుగా మార్చి మళ్లీ రక్తంలోకి పంపుతుంది. కొంత తనలోనే దాచుకుంటుంది, దాన్నే ఫ్యాటీ లివర్ అంటున్నాం. ట్రైగ్లిజరైడ్లు పెరిగే కొద్దీ మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. ఇన్సులిన్ మాట కాలేయం, కండరాలు సరిగా వినవు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. రక్తంలో ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, బీపీ పైకి జరుగుతుంది. ఇవి చాలవన్నట్టు ఈ కొవ్వు కణాలు వాపును రేపే రసాయనాలను కూడా వదులుతాయి. రక్తనాళాలను కాపాడే అడిపొనెక్టిన్ అనే హార్మోన్ మాత్రం తగ్గిపోతుంది.

ఇవన్నీ ఏళ్ల తరబడి సాగితే దెబ్బ తినేది రక్తనాళాల లోపలి పొర. గుండె జబ్బు పెద్దవాళ్ల జబ్బుగానే కనిపిస్తుంది, కానీ దాని మొదలు చిన్నతనంలోనే ఉంటుందన్న సంగతి వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో బోగలూసా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి పిల్లలను 1973 నుంచి దశాబ్దాల పాటు గమనించారు. ఆ అధ్యయనాన్ని నడిపించింది డాక్టర్ జెరాల్డ్ బెరెన్సన్. ఆ పిల్లల్లో కొందరు ప్రమాదాల్లోనో, వేరే కారణాల వల్లనో చిన్న వయసులోనే చనిపోయినప్పుడు వాళ్ల రక్తనాళాలను పరిశీలించారు. 2 నుంచి 39 ఏళ్ల మధ్య వయసున్న 204 మంది వివరాలతో 1998లో ఫలితాలు వచ్చాయి. అధిక బరువు, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం లాంటి ముప్పులు ఒక్కటీ లేనివాళ్లలో గుండె ధమనుల లోపలి పొర మీద కొవ్వు చారలు సుమారు 1.3 శాతం మేర ఉంటే, మూడు నాలుగు ముప్పులు కలిసి ఉన్నవాళ్లలో 11 శాతం మేర ఉన్నాయి. అదే పట్టణం పిల్లల్లో పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ ఉన్నవాళ్లకు ట్రైగ్లిజరైడ్లు, చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్, ఇన్సులిన్ ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నట్టు 1999లో వచ్చిన ఇంకో పరిశీలన చూపించింది.

ఇది చదివి మీరు ఇంకా భయపడతారేమో. కాబట్టి రెండో సగం కూడా వెంటనే చెప్పాలి. బోగలూసాతో పాటు అమెరికాలోని మస్కటీన్, ఫిన్లాండ్, ఆస్ట్రేలియాల్లో పిల్లలను చిన్నప్పటినుంచి గమనించిన నాలుగు పెద్ద అధ్యయనాలను కలిపి 2011లో లెక్కలు తీశారు. మొత్తం 6,328 మంది, సగటున 23 ఏళ్ల పాటు. చిన్నప్పుడు అధిక బరువుండి పెద్దయ్యాక కూడా ఊబకాయంతో ఉన్నవాళ్లకు షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, మెడ ధమనులు మందపడటం లాంటి ముప్పులు బాగా ఎక్కువ. చిన్నప్పుడు బరువుండి, పెద్దయ్యేసరికి ఊబకాయం నుంచి బయటపడ్డవాళ్లకు మాత్రం ఆ ముప్పులు, ఎన్నడూ ఊబకాయం లేనివాళ్లతో దాదాపు సమానంగా ఉన్నాయి. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన అత్యంత ముఖ్యమైన సంగతి ఇదే. పదేళ్ల వయసులో కనిపించిన ముప్పు వెనక్కి తిరగగలదు. మీ డాక్టర్ గారు ఇప్పుడే చెప్పారు కాబట్టి మీకు చేతిలో కావలసినంత సమయం ఉంది.

"ఎదిగితే అదే కరిగిపోతుంది" అనే మాటలో కొంత నిజం ఉంది, కొంత లేదు. నిజం ఏమిటంటే, పిల్లలు ఎత్తు పెరుగుతారు. బరువు తగ్గించాల్సిన పని లేకుండా, పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు మిగతా పని చేస్తుంది. మీ బాబు లెక్కే చూడండి. ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగే వయసు వాడిది. వచ్చే ఏడాదికి 148 సెంటీమీటర్లు అయ్యి, బరువు 42 కిలోల దగ్గరే ఉంటే బీఎంఐ 19.2కు దిగుతుంది, 11 ఏళ్ల అబ్బాయికి అది అధిక బరువు కిందకు రాదు. నడుము 74 నుంచి 72కి వస్తే నిష్పత్తి 0.49. వాడిని ఒక్క పూట కూడా పస్తు పెట్టకుండానే ఇదంతా జరగొచ్చు. అయితే ఏమీ మార్చకుండా వదిలేస్తే తనంతట తనే జరుగుతుందా అంటే, చాలామంది పిల్లల్లో జరగదు. పైగా యుక్తవయసు మొదలయ్యాక ఇన్సులిన్ మాట వినకపోవడం కొంతకాలం సహజంగానే పెరుగుతుంది. అబ్బాయిల్లో కొవ్వు పొట్ట వైపే చేరుతుంది. బరువు ఎక్కువగా ఉంటూ టీనేజీ దాటిన పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక కూడా అలాగే ఉంటారు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు "మీరు అన్నట్టే ఎత్తు పెరిగితే సర్దుకుంటుంది, అందుకోసమే ఇప్పుడు జాగ్రత్త పడుతున్నాం" అని చెప్పండి. వాళ్లను కాదని ఈ పని సాగదు.

ఇప్పుడు కొలవడం గురించి. రెండు మూడు నెలలకు ఒకసారి కొలిస్తే చాలు. అంతకంటే తరచుగా కొలిస్తే కనిపించేది టేపు తప్పులే, ఒంటి మార్పు కనిపించదు. సాగని టేపు తీసుకోండి. పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు కొలవండి. చొక్కా పైకెత్తి నేరుగా ఒంటి మీదే టేపు పెట్టాలి. పిల్లవాడు నిటారుగా, పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, చేతులు వదులుగా ఉంచి నిలబడాలి. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక కింది అంచు తగులుతుంది, ఇంకా కిందికి వస్తే తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. ప్యాంటు కట్టుకునే చోట కాదు, బొడ్డు దగ్గర అని కూడా కాదు, ఎందుకంటే పొట్ట ఉన్న పిల్లల్లో బొడ్డు కిందికి జారి ఉంటుంది. టేపు చుట్టూ నేలకు సమాంతరంగా ఉందా అని వెనక వైపు కూడా చూడండి. చర్మానికి ఆనాలి, లోపలికి నొక్కకూడదు. పిల్లలు టేపు చూడగానే పొట్ట లోపలికి పీలుస్తారు. అందుకని మామూలుగా ఊపిరి వదలమని చెప్పి, వదిలాక చివర్లో అంకె చూడండి. రెండుసార్లు కొలిచి సగటు రాసుకోండి. రెండింటి మధ్య తేడా ఒక సెంటీమీటర్ దాటితే మళ్లీ కొలవండి. ఎత్తు కూడా అదే రోజు కొలవాలి, పాత ఎత్తుతో భాగిస్తే లెక్క తప్పుతుంది. ఆ అంకెలు మీ పుస్తకంలో రాసుకోండి. గోడ మీద అంటించొద్దు, చెల్లెళ్లూ అన్నలూ ఉన్న చోట పైకి చదవొద్దు.

పరీక్షల విషయంలో మీ డాక్టర్ గారు చెప్పింది చేయించండి. అన్నిటికన్నా ముందు బీపీ. మూడేళ్లు దాటిన ప్రతి పిల్లవాడికీ ఏడాదికి ఒకసారైనా బీపీ చూడాలన్నది అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2017లో ఇచ్చిన సూచన. బాబు వయసులో బీపీ మామూలా కాదా అన్నది వయసు, ఎత్తులను బట్టి పట్టికలో చూసి చెబుతారు. 13 ఏళ్లు దాటిన పాపకు పెద్దవాళ్ల లాగే 120/80 లోపు ఉండాలి, 130/80 అంటే ఎక్కువ. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది: చేతికి చుట్టే పట్టీ సైజు. లావుగా ఉన్న చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. చేతి లావుకు సరిపడే పట్టీ వాడారో లేదో అడగడానికి మొహమాటపడకండి. ఒకసారి ఎక్కువ వచ్చిందని కంగారు కూడా వద్దు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూశాకే బీపీ ఉందని తేలుస్తారు.

రక్తపరీక్షల్లో కొలెస్ట్రాల్ వివరాలు, చక్కెర, కాలేయం ఎలా ఉందో చెప్పే ఏఎల్‌టీ ఉంటాయి. 9 నుంచి 11 ఏళ్ల మధ్య పిల్లలందరికీ, బరువుతో సంబంధం లేకుండా, ఒకసారి కొలెస్ట్రాల్ చూడాలని అమెరికా నిపుణుల సంఘం 2011లోనే చెప్పింది. కాబట్టి మీవాడికి ఇది వింత పరీక్షేమీ కాదు. రిపోర్టు వచ్చినప్పుడు పక్కన అచ్చువేసిన హద్దులు సాధారణంగా పెద్దవాళ్లవి ఉంటాయి, వాటితో పోల్చుకోకండి. పిల్లల్లో మొత్తం కొలెస్ట్రాల్ 170 లోపు, ఎల్‌డీఎల్ 110 లోపు ఉండటం మంచిది. హెచ్‌డీఎల్ 45 పైన ఉండాలి. పదేళ్లు దాటినవాళ్లకు ట్రైగ్లిజరైడ్లు 90 లోపు ఉంటే మంచిది, 130 వస్తే ఎక్కువ కిందే లెక్క. పెద్దవాళ్ల హద్దు 150 చూసి "నార్మలే" అనుకుని వదిలేస్తే అక్కడే పొరపాటు జరుగుతుంది. పొట్ట దగ్గర కొవ్వున్న పిల్లల్లో ముందు మారేది సాధారణంగా ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ జంటే. మొత్తం కొలెస్ట్రాల్ బాగానే కనిపించవచ్చు. పరగడుపున చక్కెర 100 లోపు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉండాలి.

గుండె స్కానింగ్ ఇప్పుడు అక్కర్లేదు. మీవారి ఆత్రుత అర్థమైంది, కానీ ఎకో గానీ, ఈసీజీ గానీ ఈ ప్రశ్నకు జవాబివ్వవు. పదేళ్ల పిల్లాడి గుండె స్కానింగ్‌లో మామూలుగానే కనిపిస్తుంది, దాంతో "అంతా బాగుంది" అని ఇల్లంతా ఊపిరి పీల్చుకుని అలవాట్లు మార్చడం మానేస్తుంది. నాకు ఎక్కువ బెంగ అక్కడే. బీపీ నిజంగా ఎక్కువుందని తేలి మందులు మొదలుపెట్టే పరిస్థితి వస్తే, గుండె కండరం మందపడిందేమో చూడటానికి అప్పుడు ఎకో చేయిస్తారు. ఛాతీలో నొప్పి, ఆడుతుండగా కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే అది వేరే సంగతి, వెంటనే గుండె డాక్టర్‌కు చూపించాలి.

ఇంట్లో మీరు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖ్మల్ గుడ్డలా మారిందా చూడండి. చాలామంది అది మురికి అనుకుని రుద్దుతారు, పాపం ఆ పిల్లలు ఏడుస్తారు. అది రుద్దితే పోయేది కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. రాత్రి గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవడం, పగలు తరగతిలో నిద్రపోవడం కూడా చెప్పాల్సిన విషయాలే. నిద్రలో ఊపిరి ఆగే పిల్లల్లో బీపీ పెరుగుతుంది. కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు, షుగర్, బాగా ఎక్కువ కొలెస్ట్రాల్ ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. దక్షిణాసియా మూలాలున్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ పెరిగినా, ఒకే బీఎంఐ దగ్గర వాళ్లకు పొట్ట లోపలి కొవ్వు, షుగర్ ముప్పు ఎక్కువ. మన పిల్లల విషయంలో నడుము కొలతకు ఇంకాస్త విలువ ఇవ్వాలనడానికి ఇది కూడా ఒక కారణం.

ఇక ఏం చేయాలి? బాబుకు విడిగా డైట్ పెట్టొద్దు. ఒకే ఇంట్లో అందరూ ఒకటి తింటూ ఒక పిల్లవాడికి వేరే కంచం పెడితే అది వాడికి శిక్షలా ఉంటుంది, నెల తిరిగేసరికి ఆగిపోతుంది. మార్పు ఇంటిది కావాలి. నేనైతే మొదట తాగేవాటితో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే తక్కువ గొడవతో ఎక్కువ లాభం అక్కడే. ఒక 330 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండేళ్లు దాటిన పిల్లలకు అదనపు చక్కెర రోజుకు 25 గ్రాములు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అంటోంది. ఒక్క డబ్బాతోనే రోజు కోటా దాటిపోతుంది. పైగా ద్రవంగా వెళ్లిన చక్కెర కడుపు నింపదు, కాలేయంలో కొవ్వుగా మారడానికి మాత్రం బాగా పనికొస్తుంది. డబ్బా జ్యూసులు కూడా ఈ విషయంలో అమాయకమైనవేమీ కావు. పండు పండుగా తిననివ్వండి. ఇంట్లో తియ్యటి పానీయాలు కొనడమే మానేస్తే "వద్దు" అని రోజూ చెప్పాల్సిన అవసరం రాదు.

తిండిలో కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టు తీయని గింజలు పెరగాలి, ప్యాకెట్లలో వచ్చేవి తగ్గాలి. ఇది మీకు తెలిసిందే, పొడిగించను. ఒక్క మాట మాత్రం: టీవీ, ఫోన్ ముందు తినడం ఆపించండి. ఎంత తిన్నామో కళ్లు చూడకపోతే కడుపు చెప్పేది మెదడుకు ఆలస్యంగా చేరుతుంది. పూటలు మానిపించడం, రాత్రి భోజనం ఎత్తేయడం వద్దు. ఎదిగే పిల్లలకు అది నష్టం, మర్నాడు దానికి రెట్టింపు తింటారు కూడా.

కదలిక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగంగా ఆడేంత కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో కనీసం మూడు రోజులు బాగా ఆయాసం వచ్చే ఆటలు, ఎముకలకు కండరాలకు పని చెప్పేవి ఉండాలి. ఇందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, త్రాసు మీద ముల్లు కదలకపోయినా వ్యాయామం వల్ల పొట్ట లోపలి కొవ్వు తగ్గుతుంది, రక్తనాళాల పనితీరు మెరుగవుతుంది. బరువు తగ్గలేదని నిరాశపడి ఆటలు మాన్పించే తల్లిదండ్రులు ఈ లాభాన్ని చూడరు. పొట్ట తగ్గాలని పిల్లలతో పడుకుని లేచే కసరత్తులు వందలకొద్దీ చేయించకండి. అవి పొట్ట కండరాన్ని గట్టిపరుస్తాయి, దాని మీది కొవ్వును విడిగా కరిగించలేవు. నడుముకు కట్టే బెల్టులు, బరువు తగ్గించే పొడులు పిల్లల దగ్గరికి రానివ్వకండి. వాడికి ఏ ఆట ఇష్టమో అడగండి. పోటీల్లో ఓడిపోయి నవ్వులపాలవుతానని భయమైతే ఈత, సైకిల్, డాన్స్ లాంటివి మంచివి. బరువున్న పిల్లల కండరాలు సాధారణంగా బలంగా ఉంటాయి. బరువులు లాగే, తోసే ఆటల్లో వాళ్లు ముందుంటారు, ఆ గెలుపు వాళ్లకు చాలా అవసరం.

నిద్రను మర్చిపోకండి. బాబుకు 9 నుంచి 12 గంటలు, పాపకు 8 నుంచి 10 గంటలు కావాలి. నిద్ర చాలని రోజు ఆకలి పెంచే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. పడకగదిలో ఫోన్ లేకపోతే ఈ సమస్య సగం తీరుతుంది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే, పిల్లల రక్తనాళాల కోసం వాళ్లు చేయగలిగిన గొప్ప మేలు అది మానేయడమే.

పిల్లలతో మాట్లాడేటప్పుడు "లావు", "పొట్ట" అనే మాటలు పక్కన పెట్టండి. చుట్టాలు ఎవరైనా వెక్కిరిస్తే అక్కడే, పిల్లాడు వింటుండగానే ఆపండి. బరువు మీద వెక్కిరింపులు పడ్డ పిల్లలు సన్నబడరు, ఇంకా ఎక్కువ తింటారు, ఇంకా తక్కువ కదులుతారు. మీరు ఆపారన్న సంగతి వాడు చాలాకాలం గుర్తుపెట్టుకుంటాడు.

పాప విషయం వదిలేయమని ఆవిడ అనలేదు, మీరు కూడా అనుకోకండి. నడుము నిష్పత్తి 0.46 మంచి వార్త. బీఎంఐ మాత్రం గీత దాటింది కాబట్టి తనకూ బీపీ, కొలెస్ట్రాల్ చూపించండి. ఇంటి అలవాట్లు మారితే ఇద్దరికీ ఒకేసారి మేలు జరుగుతుంది. 13 ఏళ్ల అమ్మాయి ముందు తమ్ముడి నడుము గురించి రోజూ చర్చ నడుస్తుంటే, ఆ మాటలు తనకు ఇంకోలా తగులుతాయి. భోజనం మానేయడం, తిన్నాక వాంతి చేసుకోవడం, అద్దం ముందు ఎక్కువసేపు బాధపడటం లాంటివి కనిపిస్తే బరువు సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంకో విషయం. తిండి వల్ల బరువు పెరిగిన పిల్లలు సాధారణంగా వయసుకు తగ్గ ఎత్తో, ఇంకొంచెం ఎక్కువో ఉంటారు. మీ బాబు 142 సెంటీమీటర్లు, బాగానే ఉన్నాడు. బరువు పెరుగుతూ ఎత్తు పెరగడం ఆగిపోతే మాత్రం థైరాయిడ్ లాంటి హార్మోన్ సమస్యలు వెతకాలి. అందుకే ప్రతిసారీ ఎత్తు రాసుకోమన్నాను.

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం, తరచూ తలనొప్పితో పాటు చూపు మసకబారడం, తుంటిలోనో మోకాలిలోనో నొప్పితో కుంటడం కనిపిస్తే మూడు నెలల లెక్క కోసం ఆగకండి, ఆ రోజే చూపించండి. అలాంటివేమీ లేకపోతే పరీక్షలు చేయించుకుని, ఇద్దరి రిపోర్టులూ, బీపీ అంకెలూ, కొలిచిన తేదీలతో సహా నాకు మళ్లీ రాయండి. అవి చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.